ఎన్‌ఎస్‌డీ ఆడిషన్‌కి మన తెలుగువాళ్లు ఎలా సిద్ధమవ్వాలి

ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి (ఎన్‌ఎస్‌డీ) అప్లై చేద్దామనుకునే పిల్లలు దాదాపు అందరూ మొదట ఒకటే అడుగుతారు, ఏ స్పీచ్ (నాటకంలోంచి ఒక్కరే చెప్పి చూపించే భాగం) చేస్తే సీటు వస్తుంది అని. అలాంటి స్పీచ్ ఏదీ లేదు. ఆడిషన్‌లో ఎంపిక చేయడానికి ఎదురుగా కూర్చున్నవాళ్లు రోజంతా ఎంతోమందిని చూస్తారు, అందులో బాగా బట్టీపట్టి బాగా చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకి తెలుసుకోవాల్సింది వేరే ఉంది: ఈ మనిషిని మూడేళ్లు ఇక్కడ పెట్టుకుని నేర్పిస్తే మారతాడా, లేక వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే వెళ్లిపోతాడా. అందుకే స్పీచ్ మధ్యలో ఆపి 'ఇదే మాట ఇంకోలా చెప్పు' అంటారు. మీ ప్రిపరేషన్‌లో సగం ఆ క్షణం కోసం ఉండాలి. మనవాళ్లలో ఎక్కువమంది దాన్ని అసలు ప్రాక్టీసే చేయరు, నా బాధంతా అదే.

ముందు కాగితాల సంగతి చూద్దాం. ఇది మూడేళ్ల డిప్లొమా, ఏటా తీసుకునేది 32 మందిని, అదీ దేశం మొత్తం మీద. డిగ్రీ ఉండాలి, వయసు 18 నుంచి 30 లోపు ఉండాలి, కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం రిజర్వేషన్లు ఉంటాయి. హిందీ, ఇంగ్లీషు పనికి సరిపడా రావాలి. చేరినవాళ్లకి నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు కాబట్టి, ఇంట్లో డబ్బు లేదు అన్న ఒక్క కారణంతో వెనక్కి తగ్గకండి. ఈ వివరాల్లో ఏటా చిన్నచిన్న మార్పులు జరుగుతుంటాయి, అందుకని ఆ ఏడాది నోటిఫికేషన్ మొదటి అక్షరం నుంచి చివరి దాకా మీరే చదవండి. వాట్సాప్‌లో తిరిగే సారాంశాన్ని నమ్ముకోవద్దు.

అన్నింటికంటే మనవాళ్లు ఇబ్బంది పడేది నాటకాల్లో వేసినట్టు రుజువు దగ్గర. ఇటీవలి నోటిఫికేషన్లలో కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలని అడుగుతున్నారు. మన దగ్గర నాటక సంఘాలు పెట్టే పరిషత్తు పోటీల్లో నాటికలు ఆడే కుర్రాళ్లు ఏడాదికి అంతకంటే ఎక్కువ ప్రదర్శనలే ఇస్తారు, కానీ చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. ఒకే నాటికను పది ఊళ్లలో ఆడితే అది పది నాటకాల కింద లెక్కకి రాదని కూడా గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి నుంచే మీ పేరు అచ్చయిన ప్రతి కరపత్రం, పరిషత్తువాళ్లు ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్, పేపర్లో వచ్చిన ప్రతి ముక్కా ఒక ఫైల్లో పెట్టండి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. కాలేజీలో వేసిన నాటకమైతే ప్రిన్సిపాల్ దగ్గరో, ఆ నాటకం చేయించిన లెక్చరర్ దగ్గరో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. వేయని నాటకం వేసినట్టు మాత్రం రాయించుకోవద్దు. ఇంటర్వ్యూలో 'ఇందులో నీ పాత్ర ఏం చేస్తుంది' అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, మొత్తం బయటపడుతుంది.

ఎంపిక రెండు దశల్లో ఉంటుంది. మొదట వేర్వేరు నగరాల్లో ప్రాథమిక ఆడిషన్లు, అందులో నిలబడినవాళ్లకి ఢిల్లీలో కొన్ని రోజుల వర్క్‌షాపు. ఈ రెండింటికీ కావాల్సిన తయారీ వేరువేరు.

మొదటి దశలో చేతికి దొరికేవి కొద్ది నిమిషాలు. ఆ ఏడాది స్పీచ్‌ల గురించి ఏం చెప్పారో సరిగ్గా అదే చేయండి, 'దీనికంటే నాది బాగుంటుంది' అని సొంత ప్రయోగాలు వద్దు. స్పీచ్ ఏ నాటకంలోదో ఆ నాటకం మొత్తం చదవండి. ఈ మాట అందరూ చెప్తారు, చదివేవాళ్లు తక్కువ. ఆ పాత్ర ఈ మాటలు అనడానికి ముందు నిమిషంలో ఏం జరిగింది, ఎవరితో అంటోంది, అవతలివాళ్ల నుంచి ఏం రాబట్టాలనుకుంటోంది, ఈ మూడింటికీ మీ దగ్గర జవాబు ఉండాలి. జవాబు ఉంటే చూపు ఎక్కడ పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది, లేకపోతే కళ్లు గోడ మీద తిరుగుతుంటాయి, ఆ తేడా కుర్చీలో కూర్చున్నవాళ్లకి వెంటనే కనిపిస్తుంది. ఎంచుకునే వీలుంటే మీ వయసుకి దగ్గరగా ఉండే పాత్ర తీసుకోండి. ఇరవై రెండేళ్ల అబ్బాయి నడుం వంచి దగ్గుతూ ముసలి రాజుగా చేస్తే వాళ్లు చూసేది ఆ దగ్గునే. సినిమా డైలాగులు వద్దు, సినిమా హీరోలా చెప్పే నాటకం డైలాగులూ వద్దు. ఆ రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అలా చెప్తున్నామని మనకే తెలియదు. చిన్నప్పటి నుంచి విన్న గొంతులు మన గొంతులోకి వచ్చేసి ఉంటాయి. ఫోన్‌లో రికార్డు చేసి, బొమ్మ చూడకుండా కళ్లు మూసుకుని వినండి, ఎవరి గొంతు వినిపిస్తోందో మీకే అర్థమవుతుంది.

ఇక పరిషత్తుల్లో ఆడి వచ్చినవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ పైనుంచి వేలాడే మైకుల కింద నిలబడి, చివరి వరసలో ఉన్న ప్రేక్షకుడికి వినిపించాలని మాట్లాడతాం. ఒంట్లో కదలిక కూడా మైకు ఎక్కడుందో దాన్ని బట్టే ఉంటుంది, ఎదుటి పాత్రతో మాట్లాడుతూ కూడా మొహం జనం వైపే ఉంటుంది. ఆ క్రమశిక్షణ తక్కువదని అనడం లేదు, గంట నాటికని ఊపిరి తగ్గకుండా లాగడం అందరివల్లా అయ్యే పని కాదు. కానీ ఆడిషన్ జరిగేది ఒక గదిలో, ఎదురుగా నాలుగడుగుల దూరంలో నలుగురైదుగురు ఉంటారు. అక్కడ పరిషత్తు గొంతుతో మొదలుపెడితే కేకలు వేసినట్టు ఉంటుంది. ఇంట్లో చిన్న గదిలో, ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఒక్కరికే చెప్తున్నట్టు ప్రాక్టీస్ చేయండి. గొంతు తగ్గినా తీవ్రత తగ్గకూడదు. ఇది కుదరడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టండి.

హిందీ గురించి భయం వద్దు గానీ పని మాత్రం చాలా ఉంది. మన నోటికి అలవాటు లేనివి కొన్ని ఉన్నాయి. తెలుగులో రాసేటప్పుడు ఖ, ఘ, ధ, భ ఉన్నా మాట్లాడేటప్పుడు చాలామందిమి వాటిని తేల్చేస్తాం. హిందీలో అది కుదరదు, 'ఖానా' అంటే భోజనం, 'కానా' అంటే ఒంటికన్నువాడు. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని చెప్పండి, ఖ అన్నప్పుడు గాలి తగలాలి. రెండోది, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి 'కామ్', 'బాత్' లాంటి వాటి చివర తెలియకుండానే ఒక చిన్న 'ఉ' చేరుతుంది, దాన్ని తుంచేయాలి. మూడోది ముక్కుతో పలికే 'హూఁ', 'మైఁ'. నాలుగోది లింగం, ఇది నిజంగా కష్టం, ఎందుకంటే తెలుగులో పుస్తకానికీ నీళ్లకీ ఆడ మగ తేడా లేదు, హిందీలో కితాబ్ స్త్రీలింగం, పానీ పుంలింగం. స్పీచ్‌లో ఇవన్నీ రాసి ఉంటాయి కాబట్టి బట్టీ పడితే సరిపోతుంది, కానీ ఇంటర్వ్యూలో సొంతంగా మాట్లాడాలి. రోజూ అరగంట హిందీ పేపరు గట్టిగా చదవండి, హిందీ మాతృభాషగా ఉన్న ఒక మనిషిని పట్టుకుని వారానికి కొన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడండి. ఇంటర్వ్యూలో లింగం తప్పితే ఆగి సారీ చెప్పి సరిదిద్దుకోవాల్సిన పని లేదు, చెప్పదలచుకున్నది చెప్తూ వెళ్లిపోండి.

హైదరాబాద్ పిల్లలకి దక్కనీ (అక్కడ మాట్లాడే ఉర్దూ) వచ్చి ఉంటే అది పెద్ద బలం, చెవికి హిందీ లయ అప్పటికే అలవాటై ఉంటుంది. స్పీచ్ మాత్రం రాసి ఉన్న భాషలోనే చెప్పండి, అందులోకి 'నక్కో', 'కైకు' రానివ్వొద్దు. మామూలుగా మాట్లాడేటప్పుడు వస్తే రానివ్వండి, దాన్ని దాచుకోవాల్సిన అవసరమేం లేదు.

మీ భాషలో ఏదైనా చేయమని, పాట పాడమని అడగొచ్చు. దీనికి సిద్ధంగా లేకపోవడం కంటే నష్టం లేదు. పద్యం వచ్చినవాళ్లు ఒక పద్యం హార్మోనియం లేకుండా, శ్రుతి తప్పకుండా పాడగలిగేలా ఉంచుకోండి, కానీ వన్స్‌మోర్ కొట్టించుకోవడానికి లాగే రాగం ఇక్కడ వద్దు. మాట అర్థం వినిపించాలి, రాగం దాని వెనక నడవాలి. మీ ఊళ్లో ఒగ్గుకథో, చిందు యక్షగానమో, తప్పెటగుళ్లో, బుర్రకథో ఉండి, అందులో మీకు నిజంగా ప్రవేశం ఉంటే దాన్ని గర్వంగా తీసుకెళ్లండి. ఆడిషన్ కోసం యూట్యూబ్ చూసి వారంలో నేర్చుకున్న దాన్ని మాత్రం తీసుకెళ్లొద్దు, ఒంట్లో ఇంకని అడుగు తెలిసిపోతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాం, 'ఇంకోలా చెయ్యి' అన్నప్పుడు ఏం చేయాలి. ఒక స్నేహితుడిని కూర్చోబెట్టండి. మీరు స్పీచ్ మొదలుపెట్టాక అతను ఎక్కడైనా ఆపి ఏదో ఒకటి చెప్పాలి: ఇదే మాట పక్క గదిలో పసిబిడ్డ నిద్రపోతుంటే చెప్పు, బస్సు కదిలిపోతుంటే చెప్పు, నవ్వు ఆపుకుంటూ చెప్పు, ఉల్లిపాయలు తరుగుతూ చెప్పు, నువ్వు అబద్ధం చెప్తున్నావని అవతలివాళ్లకి తెలిసిపోయింది, ఇప్పుడు చెప్పు. వినగానే ఆలోచించడానికి టైమ్ తీసుకోకుండా చేసేయాలి. మొదట్లో గొంతు మాత్రమే మారుతుంది, కొన్నాళ్లకి ఒళ్లు మారుతుంది, ఇంకొన్నాళ్లకి మాట అనే కారణమే మారుతుంది, మీరు చేరాల్సింది అక్కడికే. దీన్నే రోజూ చేయండి. స్పీచ్‌ని ఒకే తీరులో వందసార్లు చెప్తే అది గట్టిపడి రాయి అయిపోతుంది, తర్వాత ఎవరు ఏం చెప్పినా కదలదు. ఆడిషన్‌లో వాళ్లు ఆపారంటే బాగా చేయలేదనుకుని మొహం వేలాడేయకండి, చాలాసార్లు ఆసక్తి కలిగితేనే ఆపుతారు. అడిగింది అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమని అడగండి, తప్పులేదు. అర్థమైనట్టు తలూపి పాతదే మళ్లీ చేయడం తప్పు.

బట్టలు వదులుగా, కింద కూర్చోవడానికీ దొర్లడానికీ వీలుగా ఉండాలి. జీన్స్, బిగుతు కుర్తాలు, గలగల్లాడే గాజులు వద్దు. మేకప్ అక్కర్లేదు.

వర్క్‌షాపు పిలుపు వస్తే హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లొచ్చు, ఒక రోజు ముందే దిగేలా టికెట్ తీసుకోండి, ఉత్తరాది రైళ్లు ఆలస్యం కావడం మామూలే. స్కూలు ఉండేది భగవాన్‌దాస్ రోడ్డులోని బహావల్‌పూర్ హౌస్‌లో, మండీ హౌస్ మెట్రో స్టేషన్ దగ్గర. ఆ చుట్టుపక్కలే కమానీ ఆడిటోరియం, శ్రీరామ్ సెంటర్ ఉన్నాయి, ముందురోజు సాయంత్రం అక్కడ ఏదైనా నాటకం ఆడుతుంటే వెళ్లి చూడండి. మన భోజనం కావాలంటే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ దగ్గర్లోనే ఉంది, కాకపోతే మధ్యాహ్నం ఒంటితో చేసే పని ఉంటే పప్పూ నెయ్యీ కాస్త తగ్గించి తినండి.

ఆ కొన్ని రోజులూ గుంపులో పని చేయిస్తారు: ఒళ్లు, గొంతు, సంగీతం, అప్పటికప్పుడు అల్లే సన్నివేశాలు, తర్వాత ఇంటర్వ్యూ. ఇక్కడ చాలామంది పోటీ అనుకుని ప్రతి సన్నివేశంలోనూ ముందుకి దూకుతారు, పక్కవాడి మాట పూర్తికాకుండానే అందుకుంటారు. మీరు వినండి. పక్కవాడు ఇచ్చినదాన్ని పట్టుకుని దానిమీద మీరొకటి కట్టండి. నిచ్చెన పట్టుకునే పాత్ర వచ్చినా దాన్ని పూర్తిగా పట్టుకోండి, చూసేవాళ్లు ప్రధాన పాత్రని మాత్రమే చూడరు. అనారోగ్యం, పాత దెబ్బ ఏదైనా ఉంటే ముందే చెప్పండి, వైద్య పరీక్ష కూడా ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఈమధ్య ఏ నాటకం చూశారు అని అడిగితే నిజంగా చూసింది చెప్పండి, ఊళ్లో జాతరలో చూసిన సురభి నాటకమైనా సరే, అందులో మీకేం నచ్చింది, ఏం నచ్చలేదు అన్నది వివరంగా చెప్పగలగాలి. సినిమాల్లోకి వెళ్తారా అని అడిగితే అబద్ధం చెప్పకండి. నసీరుద్దీన్ షా, ఓంపురి, ఇర్ఫాన్ ఖాన్ అక్కడ చదివినవాళ్లే, ఆ సంగతి వాళ్లకి మీకంటే బాగా తెలుసు. సినిమా ఇష్టమే, అయినా మూడేళ్లు ఇక్కడ ఎందుకు ఉండాలనుకుంటున్నారో చెప్పగలిగితే చాలు. మొదటి ఏడాది అందరికీ ఒకే చదువు, రెండో ఏడాది నుంచి నటన ఒకవైపు, డిజైన్ డైరెక్షన్ ఒకవైపు, ఆ సంగతి కూడా తెలిసి వెళ్లండి.

రాకపోతే? నటుడు మనోజ్ బాజ్‌పాయ్‌ని ఆ స్కూలు ఒకటికి మించి సార్లు తిరస్కరించింది, ఆయన ఢిల్లీలో నాటక దర్శకుడు బ్యారీ జాన్ దగ్గర పని నేర్చుకున్నారు. మీకు ముప్ఫై దాటనంత వరకు మళ్లీ అప్లై చేసే దారి ఉంది, కానీ మధ్యలో ఏడాదిని ఖాళీగా వదిలేయొద్దు. బెంగళూరులో ఎన్‌ఎస్‌డీ కేంద్రం ఏడాది కోర్సు నడుపుతుంది, ఢిల్లీ హిందీకి భయపడేవాళ్లకి అది చాలా మంచి చోటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ శాఖ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కోర్సులు ఉన్నాయి. వీటి నోటిఫికేషన్లు ఢిల్లీ ఫలితం వచ్చేదాకా ఆగవు, కాబట్టి అప్లికేషన్లు అన్నీ ఒకేసారి పెట్టేయండి, తర్వాత ఏది వస్తే దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.