క్రిస్టల్ వైన్ గ్లాసు ఎలా తయారు చేయాలి? బొమ్మ గీయడం దగ్గర్నుంచి అంచు నునుపు దాకా

మంచి వైన్ గ్లాసు సంగతి అందులో ఏమీ పోయకముందే చేతికి తెలిసిపోతుంది. గాలిలా తేలిగ్గా ఉంటుంది. అంచు పెదవికి తగిలీ తగలనట్టు ఉంటుంది. అలాంటి గ్లాసును నోటితో ఊది చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఆస్ట్రియాలో, చెక్ దేశంలోని బొహేమియాలో ఇప్పటికీ ఇలా చేసేవాళ్ళున్నారు. కొలిమి ఇంట్లో పెట్టుకునేది కాదు కాబట్టి, గాజు ఊదడం నేర్పే స్టూడియోలో, నేర్పేవారు పక్కన ఉండగానే చేయండి. గీయడం మాత్రం ఇవాళే ఇంట్లో మొదలుపెట్టొచ్చు.

1. ముందు కాగితం మీద

మొదటి గ్లాసుకు సొంత కొలతలు వద్దు. వైన్ రుచి చూసేవాళ్ళ కోసం 1977లో వచ్చిన ఐఎస్ఓ 3591 అనే అంతర్జాతీయ ప్రమాణం కొలతలే తీసుకోండి. మొత్తం ఎత్తు 155 మిల్లీమీటర్లు. అందులో పైన గిన్నె 100, కింద కాడ, పీఠం కలిపి 55. గిన్నె బాగా వెడల్పుగా ఉన్నచోట అడ్డంగా 65, అంచు దగ్గర 46. పీఠం కూడా 65. గోడ మందం 0.8 మిల్లీమీటర్లు.

ఆ 65కీ 46కీ మధ్య తేడాలోనే అసలు కిటుకంతా ఉంది. వెడల్పైన చోట వైన్‌కు గాలి బాగా తగిలి వాసనలు లేస్తాయి. పైన ఇరుకు కాబట్టి అవి చెదిరిపోకుండా ముక్కు దాకా వస్తాయి. గ్లాసును గిరగిరా తిప్పినా ఒలకదు. ఒక్కో రకం వైన్‌కు ఒక్కో ఆకారం కావాలని పట్టుబట్టి గ్లాసులు గీసినవాడు ఆస్ట్రియాకు చెందిన క్లౌస్ యోసెఫ్ రీడెల్. ఆయన గీసిన ‘సొమెలియే’ అనే గ్లాసుల వరుస 1973లో వచ్చింది. ఆ గ్లాసుల మీద చెక్కుడు పూలు ఉండవు. నాకూ అదే ఇష్టం. పూలు చెక్కితే గ్లాసు అందంగా ఉంటుందేమో గానీ వైన్ రంగు సరిగ్గా కనపడదు.

కాగితాన్ని నిలువుగా మడిచి, సగం ఆకారమే గీసి, కత్తిరించి విప్పండి. రెండు వైపులా సరిసమానంగా వస్తుంది. గోడకు అంటించి రెండు రోజులు వస్తూ పోతూ చూడండి. వంపు ఎక్కడ తేడాగా ఉందో కన్నే చెబుతుంది.

2. ఏ గాజు?

1670లలో ఇంగ్లండ్‌లో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ గాజులో సీసం ఆక్సైడ్ కలిపి పేరు తెచ్చుకున్నాడు. సీసంతో మెరుపు పెరుగుతుంది, గాజు ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది, వేలితో మీటితే ఖంగుమంటుంది. ఇలాంటి గాజును లెడ్ క్రిస్టల్ (సీసం కలిసిన మెరిసే గాజు) అని పిలవాలంటే యూరప్ నిబంధనల ప్రకారం అందులో కనీసం 24 శాతం సీసం ఆక్సైడ్ ఉండాలి. కానీ అలాంటి పాత్రలో వైన్ ఎక్కువకాలం నిల్వ ఉంటే సీసం అందులోకి దిగుతుంది. ఇప్పుడు దాని బదులు బేరియం, జింక్, టైటానియం ఆక్సైడ్లు వాడుతున్నారు. మీరు సీసం లేని క్రిస్టలే అడగండి.

3. చెక్క అచ్చు

గిన్నె ఆకారాన్ని బీచ్ లేదా పియర్ చెట్టు చెక్కలో, రెండు బద్దలుగా తెరుచుకునేలా తొలిపించండి. ఆవిరి పోవడానికి సన్నటి రంధ్రాలు ఉండాలి. వాడే ముందు అచ్చును నీళ్ళలో బాగా నాననివ్వాలి. వేడి గాజు తగలగానే తడి ఆవిరై, చెక్కకూ గాజుకూ మధ్య పల్చటి పొరలా నిలుస్తుంది. గాజు ఆ పొర మీదే తిరుగుతుంది. అందుకే అచ్చు గీతలు దాని మీద పడవు.

4. ఊదడం

నూలు బట్టలు వేసుకోండి, సింథటిక్ అసలు వద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇనుప గొట్టం కొనను కరిగిన గాజులో ముంచి తిప్పితే, చెంచాకు తేనె అంటుకున్నట్టు గాజు చుట్టుకుంటుంది. అది నారింజ రంగులో వెలుగుతూ ఉంటుంది. గొట్టం తిప్పడం ఆపారా, ముద్ద వెంటనే కిందికి జారుతుంది. ఈ పని మొత్తంలో చేతికి రావాల్సిన మొదటి విద్య, ఆపకుండా ఒకే వేగంతో తిప్పడం. ముద్దను ఉక్కు బల్ల మీద దొర్లించి గుండ్రంగా చేయండి. గొట్టంలోకి కొంచెం ఊది, బొటనవేలితో గొట్టం నోరు మూయండి. లోపలి గాలి వేడికి వ్యాకోచించి చిన్న బుడగ పుడుతుంది. మళ్ళీ వేడి చేసి, కిందికి వేలాడదీసి కొంచెం సాగనిచ్చి, అచ్చులో దించి మూయించండి. తిప్పుతూ నిలకడగా ఊదండి. బుస్సుమని ఆవిరి లేస్తుంది, చెక్క కాలిన వాసన వస్తుంది.

నేను మొదట్లో బలమంతా పెట్టి ఊదేదాన్ని. గోడ ఒకవైపు పల్చగా, ఒకవైపు మందంగా వచ్చేది. ఊపిరి బలంగా ఉండక్కర్లేదు, ఒకే తీరుగా ఉంటే చాలు.

5. కాడ, పీఠం

దీనికి ఇద్దరు కావాలి. గిన్నె అడుగున చిన్న వేడి గాజు చుక్క అంటించి, ఒకరు గొట్టం తిప్పుతుంటే మరొకరు పట్టకారుతో మెల్లగా లాగాలి. తొందరపడితే కాడ దారంలా సన్నమైపోతుంది. కాడ కొనకు ఇంకో ముద్ద అంటించి, తడి చెక్క పలకల మధ్య తిప్పుతూ నొక్కితే పీఠం అవుతుంది.

6. చల్లార్చడం

వెంటనే గ్లాసును గొట్టం నుంచి విడదీసి చల్లార్చే కొలిమిలో పెట్టాలి. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాసేపు ఉంచి, రాత్రంతా మెల్లగా వేడి తగ్గిస్తారు. ఎన్ని డిగ్రీలన్నది గాజు రకాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ తొందరపడితే పైపొర ముందు బిగుసుకుని, లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. నా గ్లాసు ఒకటి ఇలాగే, చూడటానికి చక్కగా ఉండి, మూడో రోజు అల్మరాలో తనంతట తానే పగిలింది.

పరీక్ష సులువే. ల్యాప్‌టాప్‌లో తెల్లటి తెర తెరిచి, పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలను, వాటిలోంచి చూస్తే తెర నల్లబడేదాకా తిప్పి, గ్లాసును మధ్యలో పెట్టి చూడండి. ఒత్తిడి ఉన్నచోట వెలుగు చారలు కనిపిస్తాయి.

7. అంచు

ఊదేటప్పుడు గొట్టానికి అంటుకుని ఉన్న పైభాగం ఇంకా గ్లాసుకే ఉంటుంది. అంచు రావాల్సిన చోట వజ్రపు మొనతో చుట్టూ గీత గీసి, సన్నటి మంట తగిలేలా తిప్పితే టప్పున ఊడి వస్తుంది. ఆ అంచును నీళ్ళు పోస్తూనే సానపట్టండి. పొడిగా సానపడితే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివర్లో మంటతో నునుపు చేయండి. మంట ఎక్కువైతే అంచు ముద్దగా చుట్టుకుంటుంది. పెదవికి అది తెలుస్తుంది.

ఇప్పుడు ఖాళీ గ్లాసును వంటింటి త్రాసు మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్ళు పోయండి. 205 నుంచి 225 గ్రాముల మధ్య చూపిస్తే మీ గిన్నె కొలతకు వచ్చినట్టే.