వుడ్ పిజియన్లు వేలల్లో పొలం మీద పడితే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇంగ్లండ్‌లో నవంబరు నుంచి మార్చి దాకా ఆయిల్‌సీడ్ రేప్ అనే ఆవజాతి నూనె పంట మీద వుడ్ పిజియన్లు అనే పావురాలు వందలు, వేలుగా వాలతాయి. పక్షి ఒక్కోటి దాదాపు అర కిలో ఉంటుంది. లేత ఆకుతో మొదలుపెట్టి మొవ్వు దాకా మేసేస్తుంది. మంచు కురిసిన రోజుల్లో తెల్లటి నేల మీద పచ్చగా కనిపించేది ఈ పంటే కాబట్టి చుట్టుపక్కల పావురాలన్నీ అక్కడికే చేరతాయి. ఇరవై ముప్పై పక్షుల గుంపుకు పనికొచ్చే పద్ధతి ఇలాంటి మందకు పనికిరాదు. పెద్ద గుంపును ముందు చిన్న గుంపులుగా విడగొట్టాలి, తుపాకీ పని ఆ తర్వాతే.

ఇది బ్రిటన్ చట్టానికి లోబడి చేసే పని. ఇంగ్లండ్‌లో పంట నష్టాన్ని ఆపడానికి జీఎల్42 అనే జనరల్ లైసెన్స్, అంటే అందరికీ వర్తించే ప్రభుత్వ అనుమతి కింద కాల్చాలి. వేల్స్, స్కాట్లాండ్‌లకు వేరే లైసెన్సులు ఉన్నాయి. తుపాకీకి షాట్‌గన్ సర్టిఫికెట్, పొలం యజమాని అనుమతి తప్పనిసరి. కాల్చకుండా తరిమే పద్ధతులు కూడా ప్రయత్నించాలని లైసెన్స్ అడుగుతుంది. ఆ ఏడాది షరతులు చదవకుండా పొలంలోకి దిగవద్దు. ఆంధ్ర, తెలంగాణల్లో చట్టం వేరు, అక్కడ దీన్ని అనుసరించకూడదు.

మొదటి తూటాకే మంద మొత్తం లేచిపోయి, మళ్ళీ రావడం లేదు

ఎక్కువమంది తలపట్టుకునేది ఇక్కడే. మంద పొలం నడుమ, ఏ గట్టుకూ అందనంత దూరంలో కూర్చుంటుంది. వేల కళ్ళు కాపలా కాస్తుంటాయి. ఒక్క పక్షి బెదిరితే అన్నీ లేస్తాయి. పైగా పక్క రైతు పొలంలోనూ అదే పంట ఉంటుంది, అక్కడ ఎవరూ లేరు. అవి తిరిగి రావాల్సిన అవసరమే లేదు.

కూర్చున్న మంద మీద కాల్చవద్దు. తూటా లేకుండా, గట్టు వెంట నెమ్మదిగా నడుస్తూ వాటిని లేపండి. చప్పుడు వినని పావురాలకు ఆ చోటంటే భయం పట్టదు, ఆకలికి అయిదు, పది చొప్పున తిరిగి వస్తాయి. ఆ వ్యవధిలో మాటు, అంటే మీరు దాక్కునే వల చాటు కట్టి, పావురాలను ఆకర్షించే దీమపు బొమ్మలు పరచడం పూర్తవాలి. కాల్చాల్సింది ఇలా విడివిడిగా వచ్చేవాటినే.

పెద్ద గుంపు మళ్ళీ వచ్చి పొలం అవతలి మూల వాలిందా, ఇక మీ బొమ్మలను ఏ పావురమూ పట్టించుకోదు. నిజమైన మంద కంటే మంచి ఎర లేదు మరి. మాటులోంచి లేచి వెళ్ళి, తుపాకీ పేల్చకుండానే దాన్ని లేపి రండి. బద్ధకిస్తే మధ్యాహ్నమంతా పోతుంది.

రెండో సగం పని ఇరుగుపొరుగు రైతులది. ఒకే రోజు, ఒకే వేళకు చుట్టుపక్కల ఆవ పొలాలన్నిటిలో మనిషి ఉండాలి. మనిషి దొరకని పొలంలో గ్యాస్ గన్ (పేలుడు చప్పుడుతో పక్షులను బెదిరించే యంత్రం) గానీ జెండాలు గానీ పెట్టాలి. దిగడానికి నెమ్మదైన చోటు లేకపోతే పావురాలు పొలం నుంచి పొలానికి తిరుగుతూ చీలిపోతాయి. ఒక్క తుపాకీతో ఒక్క పొలంలో కూర్చుంటే తెగులును పక్కవాడి పొలంలోకి తోలినట్టే.

వస్తున్నాయి, అరవై గజాల దూరంలోనే పక్కకు తిరిగిపోతున్నాయి

ఏదో తేడా కనిపెట్టాయి. ఒక్కో మార్పు చేసి, నాలుగైదు గుంపులు వచ్చేదాకా చూసి, అప్పుడు రెండోది మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే అసలు కారణం తెలియదు.

ముందు మీ ముఖం. వల వెనక తెల్లగా మెరిసే ముఖం, చేతులు పై నుంచి బాగా కనిపిస్తాయి. ముసుగు, చేతితొడుగులు వేసుకోండి, పక్షి కాల్చే దూరంలోకి వచ్చేదాకా కదలకండి. తర్వాత మాటు. దాని వెనక పొదల కంచె గానీ చెట్టు గానీ లేకపోతే మీ ఆకారం ఆకాశానికి అడ్డంగా తేలుతుంది. వల ముందు వైపు కంటే వెనక దట్టంగా ఉండాలి.

తర్వాత మ్యాగ్నెట్, అంటే బ్యాటరీతో రెండు చేతుల మీద పావురాలను గిర్రున తిప్పే యంత్రం. శరదృతువులో కొయ్యకాలు పొలాల మీద బాగా లాగుతుంది కానీ, శీతాకాలమంతా దాన్నే చూసిన పావురాలు దాని నుంచే పారిపోతాయి. వేగం తగ్గించండి, అయినా తిరిగిపోతుంటే తీసి సంచిలో పెట్టేయండి.

చివరగా దీమపు బొమ్మలు, అంటే డికాయ్‌లు. తడికి, మంచుకు ప్లాస్టిక్ మెరుస్తుంది, గుడ్డతో తుడవాలి. పక్షులు పడ్డకొద్దీ బొమ్మలు తీసేసి ఆ చోట చచ్చిన పావురాలను, సన్నటి పుల్లతో తల నిలిపి, బోర్లా పెట్టండి. వెల్లకిలా పడిన ఒక్క పావురం, గాలికి దొర్లుతున్న గుప్పెడు ఈకలు చాలు, పై గుంపు మొత్తం మళ్ళిపోవడానికి. అమరిక గుర్రపు లాడం ఆకారంలో, తలలు సుమారుగా గాలికి ఎదురుగా, నడుమ ఖాళీ మాటుకు 20–25 గజాల్లో ఉండాలి. పావురం ఎదురుగాలికి ఆ ఖాళీలోకే దిగుతుంది. అత్యంత దూరపు బొమ్మ 35 గజాలకు మించకూడదు, అదే మీ కాల్పుల హద్దు. పొడుగ్గా వరసలు కట్టిన బొమ్మల మధ్య పావురం దిగదు. ఎడం ఎడంగా ఉంచండి.

గుంపులు కనిపిస్తున్నాయి, మీ వైపు మాత్రం రావు

మీరు దారిలో లేరు. పావురాలు కంచెల వెంట, చెట్ల వరసల వెంట, లోయల్లో ఒకే దారిన తిరుగుతాయి. మాటు కట్టే ముందు గంటసేపు బైనాక్యులర్‌తో చూడండి. గాలి మారితే దారీ మారుతుంది, మాటు మార్చడానికి వెనకాడవద్దు.

పడిన మొదటి పక్షి మేతసంచి కోసి చూడండి. ముదురాకుపచ్చ ఆవ ఆకు ముద్దగా ఉంటే సరైన పొలంలోనే ఉన్నారు. క్లోవర్ ఆకో, ఐవీ కాయలో, గింజలో ఉంటే అసలు మేత ఇంకోచోట, మీ పొలం దారిలోదే. ఆ మేత చోటును వెతికి అక్కడికి మారండి.

తూటాలు ఎక్కువ, పక్షులు తక్కువ

దూరం తప్పుగా అంచనా వేయడం మొదటి కారణం. హద్దు బొమ్మ దాటితే కాల్చవద్దు. 12 బోర్ తుపాకీకి 28–32 గ్రాముల, 6వ నంబరు (గుళ్ళ సైజు) సీసపు తూటా, పావు లేదా సగం చోక్ (గొట్టం కొస ఇరుకు) చాలు. ఉక్కు గుళ్ళయితే 4వ నంబరు తీసుకోండి.

రెండోది, దిగుతున్న పక్షిని తలకు గురిపెట్టడం. అది ఇంకా కిందికి జారుతూనే ఉంటుంది కాబట్టి గుళ్ళు పై నుంచి పోతాయి. కాళ్ళ కిందికి చూడండి. అడ్డంగా పోయే పక్షి విషయంలో మాత్రం తుపాకీ కదలిక ఆపడమే తప్పు, మీట నొక్కాక కూడా గొట్టం తిరుగుతూనే ఉండాలి.

గుంపు మధ్యకు గుడ్డిగా కాల్చడం మానండి. గాయపడి పోయేవే ఎక్కువ, పక్షికి యాతన. మెడపైన, రెక్కల మీద తెల్లటి మచ్చలు చూసి ఒక్క పక్షిని ఎంచుకోండి. స్టాక్ డవ్ అనే ఇంకో జాతి పావురానికి ఆ తెలుపు లేదు, కొంచెం చిన్నది, కన్ను నల్లన. అది లైసెన్స్‌లో లేదు. ఈ ఏడాది పిల్ల పావురానికీ మెడ మచ్చ ఉండదు, అందుకని రెక్క పట్టీనే నమ్మండి. గాయపడిన పక్షిని వెంటనే వెతికి చంపాలి.

గ్యాస్ గన్ మోగుతున్నా పక్కనే మేస్తున్నాయి

ఒకే చోట, ఒకే వ్యవధిలో మోగే చప్పుడుకు అలవాటు పడ్డాయి. రెండు మూడు రోజులకోసారి చోటు, వ్యవధి మార్చండి. దాని దగ్గరే అప్పుడప్పుడు నిజంగా కాల్చితే మళ్ళీ కొంతకాలం భయపడతాయి. రాత్రిళ్ళు ఆపేయాలి, ఊళ్ళో నిద్రపోనివ్వని రైతుకు రేపు ఎవరూ సాయానికి రారు.

ఎన్ని చంపినా అదే చోటికి వస్తున్నాయి

అక్కడ పంట పలచగా ఉంది. పావురానికి దిగడానికి ఖాళీ నేల, చుట్టూ చూసుకునే వీలు కావాలి. ఆకు కమ్మేసిన పొలంలోకి దిగడానికి జంకుతుంది. ఆగస్టులోనే విత్తి, మంచులోపు పంట నేల కప్పేలా చూసుకున్న పొలాల్లో తాకిడి తక్కువ. ఆలస్యంగా మొలిచిన చోట్ల మీదే మీ మాటు, జెండాలు పెట్టండి, పొలమంతా సమానంగా పంచవద్దు.

పడిన పావురాలను వేడి మీద ప్లాస్టిక్ సంచిలో కుక్కితే కొన్ని గంటల్లో పాడవుతాయి. ఈగలు తాకకుండా నీడలో, గాలి తగిలేలా వేలాడదీసి, ఆ సాయంత్రమే రొమ్ము మాంసం తీసేయండి లేదా గేమ్ డీలర్‌కు, అంటే వేట మాంసం వ్యాపారికి ఇవ్వండి. ఖాళీ తూటాలు ఏరుకొని రావడం మరవద్దు. పశువులు మేసే పొలమైతే ప్లాస్టిక్ వాడ్ (తూటాలో మందుకూ గుళ్ళకూ మధ్య ఉండే అడ్డు) వద్దు, ఫైబర్ వాడ్ తూటాలే కొనండి.