వానాకాలంలో లప్పం పెట్టిన బండిని పెయింట్ దాకా కాపాడుకోవడం

జూలైలో మా హనుమకొండ షెడ్డులో టింకరింగ్ చేయించుకుని, అంటే సొట్టలు తీయించి లప్పంతో పూడ్పించుకుని, “పెయింట్ దసరా ముందు చూద్దాం అన్నా” అని బండి తీసుకెళ్లేవాళ్లు ఎక్కువ. పైసలు సర్దుకోవాలి, తప్పదు. కానీ పెయింట్ పడేదాకా ఆ రేకును ఉత్తగా వదిలేయొద్దు.

డబ్బా స్ప్రే ప్రైమర్ కొడితే చాలనుకుంటారు. చాలదు. ఇలాంటి సింగిల్ ప్యాక్ ప్రైమర్లు, అంటే గట్టిపరిచే హార్డెనర్ కలపకుండా నేరుగా కొట్టేవి, తేమను పూర్తిగా ఆపవు. లోపల లప్పం నీళ్లు పీలుస్తుంది, రేకు తుప్పు పడుతుంది, ఖరీదైన పెయింట్ వేశాక పొక్కులు లేస్తాయి. నెలల తరబడి ఆగాల్సివస్తే హార్డెనర్ కలిపే ఎపాక్సీ ప్రైమరే నా మాట.

లప్పాన్ని పొడిగానే రుద్దండి, వాటర్ పేపర్‌తో నీళ్లు పోసి మాత్రం కాదు. ముసురు రోజుల్లో తళతళలాడే రేకును రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి టీ రంగు మరక కనిపిస్తుంది. చెమట చేతులు తగిలిన చోట వేలిముద్రలే తుప్పుగా తేలతాయి. అందుకే రుద్దిన రోజే ప్రైమర్ పడాలి. దుమ్ము ఊది, గ్రీజు తీసే ద్రావకంతో రేకు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. లప్పం మీద మాత్రం ఆ ద్రావకం పారబోయకండి, అది కూడా ఇంకిపోతుంది.

ప్రైమర్, హార్డెనర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే కలపండి, అంచనాగా వద్దు. లప్పం అంచు దాటి పాత పెయింట్ మీదికి కొంచెం ఎక్కేలా రెండు పలుచని కోట్లు చాలు. గాలి ఆడేచోట, ఆవిర్లను ఆపే మాస్కు, గ్లౌజులు వేసుకుని చేయండి. గుడ్డ కట్టుకుంటే సరిపోదు.

ఆరాక ఎండ తగలని షెడ్డు దొరికితే మేలు, ఎపాక్సీ ఎండకు పైన పొడిపొడిగా రాలుతుంది. తడి బండి మీద కవర్ కప్పొద్దు. వాక్స్, సిలికాన్ పాలిష్ దగ్గరికే రానివ్వొద్దు, తర్వాత పెయింట్ అక్కడ పట్టక గుంటలు పడతాయి. చక్రం పైన వంపు, డోరు కింది అంచు మర్చిపోకండి. బురద ముందు కొట్టేది అక్కడే. డోరు కింద నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూయొద్దు.

బండి పెయింటర్‌కు ఇచ్చేటప్పుడు ఏ ప్రైమర్, ఎప్పుడు వేశారో చెప్పండి, ఖాళీ డబ్బా చూపిస్తే ఇంకా మంచిది. అన్ని రోజులు ఆగిన ఎపాక్సీని గరుకు చేయకుండా పైన కోటు వేస్తే అంటుకోదు.