విశాఖలో సాయంత్రం ఆరు తర్వాత: కచేరీకి, సభకు, సినిమాకు వెళ్లేవాళ్ల కోసం

విశాఖలో ఒక సాయంత్రం పాట వినాలన్నా, పుస్తకం మీద నాలుగు మంచి మాటలు వినాలన్నా పెద్దగా ఖర్చేమీ ఉండదు. చాలా కార్యక్రమాలకు టికెట్టే ఉండదు, ఆహ్వానపత్రం అడుగున ‘అందరూ ఆహ్వానితులే’ అని వేస్తారు. ఆ మాట నమ్మి నిస్సంకోచంగా వెళ్లండి. కావలసిందల్లా కబురు ముందుగా తెలియడం, వేళకు చేరడం, సరైన చోట కూర్చోవడం.

కబురు సంగతి. దినపత్రికల జిల్లా పేజీల్లో ఆ రోజు నగరంలో జరిగే కార్యక్రమాలను రెండేసి వాక్యాల్లో వేసే చిన్న కాలమ్ ఉంటుంది. పొద్దున్నే చూడాల్సింది అదే. అయితే అది అదే రోజు కబురు కాబట్టి గాజువాక నుంచో మధురవాడ నుంచో రావాల్సినవాళ్లకు ఆలస్యమైపోతుంది. అందుకే ఒక సభకు వెళ్లినప్పుడు, అయిపోయాక నిర్వాహకులను కలిసి మీ నంబరు వాళ్ల వాట్సాప్ జాబితాలో చేర్చమనండి. వినడానికి వచ్చేవాళ్లు దొరకడమే వాళ్లకు కష్టం, సంతోషంగా చేర్చుకుంటారు. ఒక్క జాబితాలో చేరితే మిగతా సంస్థల కబుర్లూ వాటంతటవే వస్తాయి.

కొన్ని తేదీలు ముందే రాసి పెట్టుకోవచ్చు. ఆగస్టు 29 గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరు 21 గురజాడ జయంతి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఉగాదికి కవి సమ్మేళనాలు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, అంటే చాలా ఏళ్లు జనవరిలో. ఈ తేదీలకు అటూ ఇటూ వారం రోజులు కాలమ్ వదలకుండా చూస్తే ఏదో ఒకటి దొరికి తీరుతుంది.

వేదికలు ఒకదానికొకటి దగ్గరే. సంగీతానికి, నాట్యానికి పిఠాపురం కాలనీలోని కళాభారతి. పెద్ద కార్యక్రమాలకు సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్ ఎరీనా. సాహిత్య సభలకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, డాబాగార్డెన్స్‌లోని అల్లూరి విజ్ఞాన కేంద్రం. ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సులో వస్తే అక్కణ్ణుంచి ఇవన్నీ ఆటో దూరమే. కారు తెస్తే ద్వారకానగర్ సందుల్లో పార్కింగుకే పావుగంట పోతుంది. ఎన్ఏడీ కూడలి మీదుగా వచ్చేవాళ్లు ఆరింటి కార్యక్రమానికి ఐదు దాటాక బయల్దేరితే మొదటి పాట వదులుకోవాల్సిందే.

శాస్త్రీయ సంగీత కచేరీకి మాత్రం పది నిమిషాలు ముందే ఉండండి. కచేరీ ఆరంభంలో పాడే వర్ణం అనే పాటలో గాయకుడి గొంతు కుదురుకుంటుంది, మైకులు సర్దుకుంటాయి, మీ చెవి కూడా అప్పుడే సిద్ధమవుతుంది. సీటు వరసల మధ్యలో, వేదికకు ఐదు నుంచి ఎనిమిది వరసల దూరంలో చూసుకోండి. మొదటి వరస చివర కూర్చుంటే ఒక స్పీకరు నేరుగా చెవిలో మోగుతుంది, మృదంగం మోతలో సాహిత్యం మునిగిపోతుంది. త్యాగరాజ కృతుల్లో చాలా భాగం తెలుగే కాబట్టి మాటలు వినపడని చోట కూర్చుంటే మనకున్న సగం భాగ్యం పోగొట్టుకున్నట్టే.

తాళం వెయ్యడం నేర్చుకుంటే కచేరీ వినడమే మారిపోతుంది. ఆది తాళంతో మొదలుపెట్టండి. కుడి అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ. తర్వాత వరసగా చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. ఇవి నాలుగు. ఆపైన ఒక దెబ్బ, అరచెయ్యి వెల్లకిలా తిప్పి ఒక విసురు. మళ్లీ దెబ్బ, మళ్లీ విసురు. మొత్తం ఎనిమిది. చప్పుడు కాకుండా వెయ్యాలి, పక్కవాళ్ల లెక్క చెదరకూడదు. కొత్తవాళ్లకు తప్పేది ఎక్కువగా ఎత్తుగడ దగ్గరే: పాట ప్రతిసారీ మొదటి దెబ్బ మీదే మొదలవ్వదు, అర దెబ్బ ఆగి మొదలయ్యేవి చాలా ఉన్నాయి. పాటను బట్టి లెక్క పెడితే అక్కడే పప్పులో కాలేస్తారు. రెండు ఆవర్తాలు, అంటే రెండు ఎనిమిదుల చుట్లు, ఊరికే గాయకుడి చెయ్యి చూసి, ఆ చేతితో పాటు అందుకోండి. ఎనిమిది కుదరకపోతే ఆ పాట మిశ్రచాపు కావచ్చు. అది ఏడు, మూడూ నాలుగుగా విడిపోతుంది.

లేచి వెళ్లాలంటే ఒక పాట అయ్యి, ఇంకో పాట మొదలయ్యే లోపు లేవాలి. గాయకుడు ఆగి మృదంగం విడిగా మోగే తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేవాళ్లు చాలామంది కనిపిస్తారు. దయచేసి వాళ్ల వెంట వెళ్లొద్దు. గంటన్నరగా గాయకుడికి ఒదిగి వాయించిన మృదంగ విద్వాంసుడు తన విద్యంతా చూపేది ఆ పది పదిహేను నిమిషాల్లోనే. చివర ముక్తాయింపు, అంటే ముగింపు లయ వరస, మూడుసార్లు వస్తుంది, వెంటనే గాయకుడు పల్లవి అందుకుంటాడు. తాళం వేస్తూ ఉంటే ఆ చోటు మీ చేతికే తెలుస్తుంది. చప్పట్లకు సరైన వేళ అదే.

పుస్తకావిష్కరణల లెక్క వేరు. ఆరు గంటలని వేస్తే ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత అధ్యక్షుల తొలి పలుకులు, అతిథులకు శాలువాలు, ఫోటోలు. అసలు పుస్తకం గురించి మాట్లాడేది పరిచయం చేసే వక్త, ఆఖర్న స్పందించే రచయిత. ఏడింటికి సగం మంది వెళ్లిపోతారు, మంచి మాటలు ఖాళీ కుర్చీలకు వినబడతాయి. కాబట్టి ఆరున్నరకు వచ్చి చివరిదాకా ఉండటం మేలు. ఇడ్లీయో పునుగులో తినే రండి, ఆకలితో కూర్చుంటే ఎంత మంచి ఉపన్యాసమైనా సాగదీసినట్టే ఉంటుంది. ఆ రోజు పుస్తకం సాధారణంగా తగ్గింపు ధరకే ఇస్తారు. ప్రశ్న అడగాలనుకుంటే ముందే కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోండి. రాసుకోకుండా లేస్తే ప్రశ్న కాస్తా ఉపన్యాసమవుతుంది.

బీచ్ రోడ్డులో జరిగే ఆరుబయటి కార్యక్రమాల్లో గాలిని చూసి కూర్చోవాలి. సాయంత్రం గాలి సముద్రం నుంచి ఊరి వైపు వీస్తుంది. వేదిక వీపు సముద్రం వైపు ఉంటే గాలివాలులో వెనక వరసలకు కూడా పాట అందుతుంది. పక్కకు తిరిగి ఉంటే ఒక కొసన కూర్చున్నవాళ్లకు మాటలు తెగిపోతాయి. ఏదీ తోచకపోతే సౌండ్ మిక్సర్ బల్ల ఎక్కడుందో చూసి దాని ముందో పక్కనో చేరండి. ఆపరేటరు అక్కడ వినే ధ్వనికే అన్నీ సరిచేస్తాడు. మురీ మిక్చర్ విరామంలోనే కొనుక్కోండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురుంటే బయల్దేరే ముందు నిర్వాహకులకు ఫోన్ చెయ్యండి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి వల్ల పాత నగరం దారులన్నీ కిక్కిరిసి ఉంటాయి, వేరే దారి చూసుకోవాలి.

సినిమాకు రెండు మాటలు చాలు. హాల్లో ధ్వనిని దాదాపు మూడింట రెండొంతుల వెనక, నడిమి సీటుకు సరిపోయేలా సరిచేస్తారు, టికెట్టు అక్కడ తీసుకోండి. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ధర పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతిస్తుంటుంది, ఆ గడువు దాటాక వెళితే అదే సీటు తక్కువకు వస్తుంది. పైగా ధర 100 రూపాయల లోపైతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18. కౌంటరులో తీసుకుంటే ఆన్‌లైన్ రుసుము కూడా మిగులుతుంది. జంక్షన్‌కే పేరిచ్చిన జగదాంబ లాంటి హాళ్లలో పెద్ద తెర మీద జనంతో కలిసి చూడటం మాత్రం మాల్‌లో దొరకదు.

ఇంటికి తిరుగుదారి ముందే తేల్చుకోండి. తొమ్మిదిన్నర దాటితే సిటీ బస్సులు పలచబడతాయి, ఆటోలు రెట్టింపు అడుగుతాయి. మీ వైపు వెళ్లేవాళ్లెవరో విరామంలోనే కనుక్కుంటే ముగ్గురు కలిసి ఒకే ఆటోలో పోవచ్చు.

కార్యక్రమాలేవీ లేని వారాల్లో ఇంట్లోనే కథ చదువుకునే కూటమి పెట్టుకోవచ్చు. ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. అంతకు మించితే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. పది పేజీల లోపు కథ తీసుకోండి. పైకి చదవడానికి పేజీకి రెండు మూడు నిమిషాలు పడుతుంది కాబట్టి అరగంటలో చదవడం అవుతుంది, ముప్పావుగంట మాట్లాడుకోవచ్చు. ఇంట్లో చదివి రమ్మంటే సగం మంది చదవరు, అక్కడే చదవాలి. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి కథలు ఇందుకు బాగా పనికొస్తాయి. ఆ సంభాషణల్లోని ఉత్తరాంధ్ర యాస కంటితో చదివితే తడబడుతుంది, ఈ ప్రాంతపు గొంతు చదివితే ఎవరు ఎవర్ని దబాయిస్తున్నారో, ఎవరు బతిమాలుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది. అందుకని శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లెవరైనా ఉంటే చదివే పని వాళ్లకే అప్పగించండి. లేచే ముందు తర్వాతి కథ, తేదీ, ఎవరింట్లో అన్నవి మూడూ ఖాయం చేసుకోవాలి. ఫోన్లో చూసుకుందాం అనుకున్న కూటమి రెండో నెలకే ఆగిపోతుంది.