ఎండలు ముదరకముందే స్టోమా బ్యాగు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మలం బ్యాగులోకి వచ్చేలా ఆపరేషన్‌తో పేగును పొట్టమీదికి తెచ్చి చేసిన ద్వారమే స్టోమా; అది పెద్దపేగుదైతే కొలొస్టమీ, చిన్నపేగుదైతే ఇలియోస్టమీ. ఇవి ఉన్నవారికి చలికాలంలో నాలుగు రోజులు నిలిచిన ప్లేటు (బ్యాగును చర్మానికి పట్టి ఉంచే జిగురు బిళ్ల), ఈ నెలల్లో రెండో రోజుకే అంచుల దగ్గర లేవవచ్చు. చెమటకు జిగురు వదులై, ఆ సందులోకి మలం చేరి చర్మం ఒరుస్తుంది. ఒరిసిన చర్మం తడి ఊరుతుంది కాబట్టి తర్వాతి ప్లేటు ఇంకా త్వరగా ఊడుతుంది. అందువల్ల ఎండాకాలంలో ప్లేటు ఊడేదాకా ఆగకుండా, మార్చే రోజును ఒకటి రెండు రోజులు ముందుకు జరుపుకోవడం మంచిది.

తీసిన ప్లేటును పారేసే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. జిగురు ఉబ్బి తెల్లబడిన చోటు, మరక పాకిన దారి అక్కడ స్పష్టంగా కనిపిస్తాయి. మరక అన్ని వైపులా ఉంటే, స్టోమా కోసం ప్లేటులో కత్తిరించిన రంధ్రం పెద్దదై ఉండవచ్చు. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు స్టోమా వాపు తగ్గుతూ ఉంటుంది కనుక, ఆసుపత్రిలో ఇచ్చిన పాత కొలతతోనే కత్తిరిస్తూ పోకూడదు. రంధ్రం స్టోమా కంటే 2 మిల్లీమీటర్లు మించి పెద్దదిగా లేకుండా చూసుకోవాలి. మరక ప్రతిసారీ ఒకే వైపు ఉంటే, కూర్చున్నప్పుడు అక్కడ పొట్ట మడత పడుతోందేమో అద్దంలో చూసి, ఆ పల్లాన్ని స్టోమా రింగుతోగానీ (స్టోమా చుట్టూ పెట్టే మెత్తని జిగురు వలయం) స్టోమా పేస్టుతోగానీ పూడ్చాలి. చాలా పేస్టుల్లో ఆల్కహాలు ఉంటుంది కాబట్టి ఒరిసిన చర్మంపై అవి భగ్గున మండుతాయి. అలాంటప్పుడు రింగే నయం.

చర్మాన్ని గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి. పెద్దవాళ్లు ప్రేమతో సూచించే కొబ్బరినూనె, పసుపు, టాల్కం పౌడరు ప్లేటు కింద పనికిరావు, వాటిమీద జిగురు పట్టదు. అంటించాక అరచేతిని ఒక నిమిషం ఆనించి ఉంచితే ఆ వెచ్చదనానికి జిగురు బాగా పట్టుకుంటుంది. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి.

ప్లేటు కింద దురద, మంట మొదలైతే లీకు మొదలైనట్టే భావించాలి. పైనుంచి టేపు వేసి సరిపెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఎందుకంటే ఇలియోస్టమీ ద్రవంలోని జీర్ణరసాలు కొన్ని గంటల్లోనే చర్మాన్ని పుండు చేయగలవు. ఎర్రని దద్దురు చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తే ఫంగస్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. స్టోమా ఊదాగానో నల్లగానో మారితే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

ఇలియోస్టమీ ఉన్నవారు ఎండలో ఉత్త నీళ్లతో సరిపెట్టుకోక, డాక్టరు చెప్పిన మోతాదులో ఓఆర్‌ఎస్ తాగాలి. బయటికి వెళ్లేటప్పుడు ముందే కత్తిరించిన ప్లేటు, బ్యాగు, గుడ్డ చేతిసంచిలో ఉండాలి. స్కూటరు డిక్కీలో వదిలేస్తే ఆ వేడికి జిగురు కరిగి, అవసరమైనప్పుడు ప్లేటు కాగితానికే అతుక్కుపోయి ఉంటుంది.