ఉపగ్రహ చిత్రం తేడాగా ఉందా? ముందు కెమెరాను అనుమానించండి

ల్యాబ్‌లో ఉపగ్రహ కెమెరాకు ఎంత జాగ్రత్తగా క్యాలిబ్రేషన్ (కొలతలు సరిచూసి సరిదిద్దడం) చేసి పంపినా, కక్ష్యలోకి వెళ్లాక అది అలాగే నిలవదు. భూమిని చిత్రించే అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తిరిగేది 705 కిలోమీటర్ల ఎత్తున. అక్కడికి వెళ్లి అద్దం తుడిచేవాళ్లు ఉండరు కాబట్టి, మరమ్మతు అంటే చాలాసార్లు కెమెరా పంపే సంఖ్యలను వెలుతురు కొలతగా మార్చే లెక్కలోని గుణకాలు మార్చడమే.

సమస్య: చిత్రంలో సన్నని నిలువు చారలు

ల్యాండ్‌శాట్-8 కెమెరాకు ఒక్కో బ్యాండ్‌లో (అంటే వెలుతురులోని ఒక్కో తరంగ పట్టీకి) దాదాపు 7 వేల డిటెక్టర్లున్నాయి, వెలుతురును కొలిచేవి అవే. ఒకే వెలుతురుకు అన్నీ ఒకేలా స్పందించవు. ఎండను సమంగా పరిచే డిఫ్యూజర్ పలకను చూపించి వాటి తేడాలు సరిచేస్తారు. ఇంకో పద్ధతిలో ఉపగ్రహాన్నే 90 డిగ్రీలు పక్కకు తిప్పి ఎడారి మీదుగానో మంచు మీదుగానో పోనిస్తారు. అప్పుడు డిటెక్టర్లు ఒకదాని వెనక ఒకటి అదే నేలను చూస్తాయి.

ల్యాండ్‌శాట్-7 చిత్రాల్లో అంచులకు పోయేకొద్దీ వెడల్పయ్యే నల్లటి ఖాళీలు మాత్రం వేరే సంగతి. 2003 మే 31న ఒక స్కాన్ భాగం చెడిపోయింది, ఒక్కో చిత్రంలో సుమారు 22 శాతం పోయింది. దానికి ఏ క్యాలిబ్రేషనూ పనిచేయదు.

సమస్య: ఏటికేడు పచ్చదనం తగ్గుతున్నట్టు గ్రాఫ్

కరువని రాసేముందు ఆగండి. టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ అనే కెమెరా పాత డేటాలో సరిగ్గా ఇదే జరిగింది. పరీక్ష సులువే: అదే చోటికి ఆక్వా అనే మరో ఉపగ్రహంలోని మోడిస్ డేటా తీసి పోల్చండి. అందులో తగ్గుదల కనిపించకపోతే అనుమానం పరికరం మీదే.

కారణం, కెమెరా నేలను చూసే అద్దం వయసు. నీలం వంటి పొట్టి తరంగాల దగ్గర అది ఎక్కువగా మందగిస్తుంది, అదీ చూసే కోణాన్ని బట్టి మారుతుంది. పైగా కొలతకు ఆధారమైన డిఫ్యూజర్ కూడా ఎండకు పాడవుతుంది. తూకం రాయే అరిగితే తక్కెడను తప్పుపట్టి లాభమేముంది? టెర్రాలో ఆ పలక తలుపు 2003 నుంచి తెరిచే ఉండటంతో అది ఇంకా త్వరగా అరిగింది.

అందుకే చంద్రుణ్ణి సాక్షిగా పిలుస్తారు. అక్కడ గాలి లేదు, మబ్బు లేదు, నేల రంగు మారదు. కళలను బట్టి వెలుగు మారుతుంది కాబట్టి, అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఏళ్లపాటు చేసిన పరిశీలనలతో కట్టిన నమూనాతో పోలుస్తారు. అయితే మోడిస్‌కు చంద్రుడు ఒకే అద్దం కోణంలో దొరుకుతాడు. మిగతా కోణాలకు లిబియా ఎడారి లాంటి మారని నేలలే దిక్కు. ఈ సవరణలు మోడిస్ డేటాను మళ్లీ ప్రాసెస్ చేసిన వెర్షన్, కలెక్షన్ 6లో చేరాయి. కలెక్షన్ 5ను దానితో కలిపి ట్రెండ్ గీయకండి.

సమస్య: ప్రయోగమైన కొద్ది నెలల్లోనే సమీప పరారుణ బ్యాండ్లు మసకబారడం

2011లో వెళ్లిన సుయోమి ఎన్‌పీపీ ఉపగ్రహంలోని విర్స్ కెమెరా ఇలాగే కంగారు పెట్టింది. అద్దాల పూతలో చేరిన టంగ్‌స్టన్ ఆక్సైడ్ అతినీలలోహిత కిరణాలకు నల్లబడింది. నలుపు వదిలించే దారి లేదు. తరుగుదలను కొలుస్తూ గుణకాలు తాజా చేయడమే.

సమస్య: ఉష్ణ బ్యాండ్‌లో నేల అసలు కంటే వేడిగా కనిపించడం

ల్యాండ్‌శాట్-8లో దృశ్యం బయటి వెలుతురు లెన్స్ పక్క లోహానికి తగిలి డిటెక్టర్ల మీద పడింది. 11వ బ్యాండ్‌కు దెబ్బ ఎక్కువ. చుట్టుపక్కల నేల నుంచి ఎంత వెలుతురు దూరిందో లెక్కగట్టి తీసేసే పద్ధతి 2017 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు ప్రాసెస్ అయిన ఫైళ్లు మీ డిస్క్‌లో ఉంటే తీసేసి, కొత్తవి డౌన్‌లోడ్ చేసుకోండి.