ఫ్లై యాష్ కలిసిన కాంక్రీటులో కార్బనేషన్ లోతును కొలిచే విధానం

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోని సున్నంతో కలిసి దాని క్షారతను తగ్గించడమే కార్బనేషన్; అది లోపలి ఇనుప ఊచల దాకా చేరితే అవి తుప్పు పట్టవచ్చు. థర్మల్ విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే ఫ్లై యాష్‌ను 15 నుంచి 35 శాతం దాకా కలిపి పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా) సిమెంటు తయారు చేస్తారు. ఈ బూడిద తన రసాయన చర్యకు కాల్షియం హైడ్రాక్సైడ్‌ను, అంటే సున్నాన్ని, వాడుకోవడం వల్ల, లోపలికి చొరబడే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఆపవలసిన సున్నం తగ్గుతుంది; అదే చర్య రంధ్రాలను పూడ్చి చొరబాటును నెమ్మదింపజేస్తుంది గానీ, అందుకు చాలినన్ని రోజులు కాంక్రీటు తడిగా ఉండాలి.

పరీక్షకు స్తంభం మూలను ఎంచుకోకూడదు, అక్కడ గాలి రెండు వైపుల నుంచీ చేరుతుంది. ముఖం మధ్యలో, ఊచ కనిపించేంత లోతు వరకు ఉలితో చెక్కి, దుమ్మును బ్రష్‌తో పూర్తిగా దులపాలి. లోపలి పొడి అంటుకుంటే రంగు మోసం చేస్తుంది. ఆల్కహాల్‌లో కరిగించిన 1 శాతం ఫినాల్ఫ్తలీన్‌ను (క్షారతను రంగుతో చూపే రసాయనం) వెంటనే పిచికారీ చేస్తే, క్షారత నిలిచిన భాగం ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, కార్బనేషన్ జరిగిన పట్టీ మాత్రం మునుపటి బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఆ పట్టీ వెడల్పును నాలుగైదు చోట్ల కొలిచి, ఊచ మీది కవర్ (ఊచను కప్పి ఉన్న కాంక్రీటు పొర) మందంతో పోల్చాలి. లోతు సుమారుగా కాలపు వర్గమూలం ప్రకారం పెరుగుతుంది కనుక, 4 ఏళ్లకు 10 మిల్లీమీటర్లు ఉంటే 16 ఏళ్లకు దాదాపు 20 మిల్లీమీటర్లు అవుతుంది.

ఊచలు లేని గోడ ప్లాస్టరులో ఇంత ఆందోళన అవసరం లేదు.

కొత్త పనిలో మాత్రం, కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ఇలాంటి సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలని, వీలైతే 14 రోజులకు పొడిగించాలని చెబుతోంది. మన వేసవిలో 14 రోజులే పాటించాలి.